ఇంటికో చేప

మొన్న పట్నం నుంచి ఇబ్రహీంపట్నం వస్తుంటే బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి కొత్త బూట్లు విప్పి, తువ్వాలతో తుడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎందుకని అడిగాను. ‘‘దుమ్ము వడ్తదన్నా’’ అన్నాడు. బూట్లకు దుమ్ము అంటకూడదని కాళ్లను దుమ్ములో పెట్టుకున్నాడన్నమాట. నవ్వొచ్చింది. ఆ తర్వాత ఊరొచ్చేదాకా నేను నోరు విప్పకపోవడం చూసి కండక్టరు కంగారుపడ్డాడు. ‘‘ఏం మున్షీసాబ్, పన్ను నొస్తుందా?’’ అని పరామర్శించాడు.

పన్ను నొప్పి కాదు. మా సిపాయి గుర్తొచ్చాడు.

మా సిపాయి కూడా బూట్లను అంత గౌరవంగానే చూసుకునేవాడు. నిజాం ఫౌజులో ఉండేవాడు. సెలవు దొరికితే పట్నం నుంచి ఊరికి నడిచి వచ్చేవాడు. బూట్లు రెండింటినీ తాళ్లతో ముడేసి మెడకు వేలాడదీసుకుని, ఆ దూరమంతా వట్టి కాళ్లతో నడిచేవాడు. పెద్దచెరువు కట్ట కనిపించాక ఆగి, కాళ్లు కడుక్కుని, ఆరబెట్టుకుని, అప్పుడు తొడిగేవాడు. అక్కడి నుంచి బెస్తవాడలో వాళ్ల గుడిసె దాకా బూట్లు కిర్రుకిర్రుమంటుంటే ఊరంతా తలతిప్పి చూసేది.

‘‘గంత దూరం నడిచినవ్, అప్పుడు తొడుక్కోకుండ ఇప్పుడెందుకురా?’’ అని అడిగాను ఒకసారి.

‘‘బూట్లు సర్కారువి, కాళ్లు నావి. సర్కారు సొమ్ము అరిగితే జవాబు చెప్పాలె. నా కాళ్లు అరిగితే ఎవడడుగుతడు?’’ అన్నాడు. పరిహాసానికి అన్న మాట కాదది. పరిహాసం అతనికి చేతకాదు.

చేతకాదంటే బొత్తిగా చేతకాదని కాదు. ఆలస్యంగా అయ్యేది. నేను సోమవారం చెప్పిన కథకు అతను బుధవారం నవ్వేవాడు. వల బాగుచేసుకుంటూ బాగుచేసుకుంటూ ఉన్నట్టుండి భుజాలు ఊగేలా నవ్వి, ‘‘అవ్ మల్ల, బర్రె ఎట్ల ఎక్కుతది తాడిచెట్టు?’’ అనేవాడు. అంటే అప్పటిదాకా బర్రె తాడిచెట్టెక్కిందనే నమ్మాడు. అర్జీలు రాయడం నా వృత్తి. ఒక ఎకరం మునిగితే నా కలంలో పదెకరాలు మునిగేవి. ఆ అలవాటు చేతి నుంచి నోటికి పాకిందని ఊళ్లో అందరికీ తెలుసు. నా మాటను రెండు రోజులపాటైనా నమ్మిన మనిషి ఇబ్రహీంపట్నంలో అతనొక్కడే.

కొత్తవాళ్లెవరు కనిపించినా అతను అడిగే మొదటి ప్రశ్న ఊరేది, పేరేది అని కాదు. ‘‘ఈత వస్తదా?’’ అని. వస్తుందంటే ఇక ఆ మనిషి గురించి బెంగలేనట్టు తల పంకించేవాడు. రాదంటే అతని ముఖం చిన్నబోయేది. ఎదుటివాడికి అన్నం దొరకడంలేదని విన్నట్టు చూసేవాడు.

ఫౌజులోకి ఎందుకు పోయాడని అడిగితే, తిండి కోసమనో డ్రెస్సు కోసమనో అనుకుంటారు. అతను పోయింది చేపల వల్ల.

ఆ రోజుల్లో ఏ అధికారి వచ్చి బంగళాలో మకాం వేసినా ఆ పూట చేపలు బెస్తవాడ వాళ్లే ఊరికే మోసుకుపోయి ఇవ్వాలి. వెట్టి. ఇంటికొక వంతు. అతని తండ్రి జ్వరంతో వణుకుతున్న రోజున వాళ్లింటి వంతు వచ్చింది. చలికాలం, చెరువు నిండుగా ఉంది. జ్వరంతోనే దిగాడు, పట్టాడు, మోశాడు. ‘‘చిన్నగున్నయి’’ అన్నారట బంగళాలో. మూడో రోజుకు ఆ మనిషి పోయాడు. కొడుకు పదకొండో రోజు ముగించుకుని, జర్మనీ లడాయికి మనుషులను తీసుకుంటున్నారని విని పట్నం నడిచి వెళ్లాడు. సర్కారు టోపీ పెట్టుకున్నవాడి ఇంటికి వెట్టి అడగడానికి ఎవరూ రారని ఎవరో చెప్పారు. అది నిజమే. ఆ తర్వాత వాళ్లమ్మ గుమ్మంలోకి వెట్టి అడిగేవాడు రాలేదు.

అయితే వాళ్లింటి వంతు ఆకాశానికి పోలేదు. పక్కింటి జంగయ్య మీద పడింది.

జంగయ్య ఆ వాడకు పెద్ద. నీళ్లలో నిలబడితే గుంజ పాతినట్టుండే మనిషి, మాట కూడా అలాగే. సిపాయి మొదటిసారి సెలవులో వచ్చినప్పుడు జంగయ్య వాకిట్లోనే నిలదీశాడు. ‘‘నీ టోపీ నీడ నీ ఇంటికే. నా ఇంటికి రెండు వంతులైనయి. మస్తుగున్నదిరా నీ నౌకరి!’’

మా సిపాయి వల తీసుకుని చెరువుకు పోయాడు. ఆ రోజే తాలూకా దొర మకాం వేసి ఉన్నాడు. నేను అర్జీ పట్టుకుని బంగళా వరండాలో ఉన్నాను కాబట్టి ఇది నా కళ్లతో చూసింది. ఖాకీ డ్రెస్సు, టోపీ, కిర్రుమనే బూట్లు, నెత్తిమీద చేపల గంప. గంపలోంచి నీళ్లు టోపీ మీదికి, టోపీ మీంచి ముక్కు మీదికి కారుతున్నాయి. ఎడమచేత్తో గంప పట్టుకుని, కుడిచేత్తో ఠపీమని సెల్యూట్ కొట్టాడు.

ఈ కథ చెప్పేటప్పుడు దొర లేచి నిలబడి తిరిగి సెల్యూట్ కొట్టాడని చెబుతుంటాను. అది అబద్ధం. కుర్చీలోంచి సగం లేచాడు, గంప చూసి కూర్చున్నాడు. ఆ సగం మాత్రం నిజం.

‘‘ఇదేంది?’’ అన్నాడు దొర.

‘‘చేపలు హుజూర్. మా ఇంటి వంతు.’’

మా సిపాయి తన మొదటి ప్రశ్న వేశాడు. ‘‘హుజూర్‌కు ఈత వస్తదా?’’ అని అడిగాడు.

‘‘రాదు’’ అన్నాడు దొర, అప్రయత్నంగా.

‘‘అయితే తూము దిక్కు పోకున్రి. ఆడ నాలుగు నిలువుల లోతున్నది’’ అని చెప్పి, గంప దించి, వెనుతిరిగి వచ్చేశాడు. చేపలు మాత్రం తిన్నారు, తినకుండా ఎందుకుంటారు? అప్పటి నుంచి ఎప్పుడు సెలవులో వచ్చినా ఒక వంతు తనే మోసేవాడు. ఏడాదికి ఒకటో రెండో. మిగిలినవి జంగయ్యవే.

అతని ఉత్తరాలు నా దగ్గరికి వచ్చేవి. అక్కడ ఎవరో ఉర్దూలో రాసిపెట్టేవారు, నేను వాళ్లమ్మకు చదివి వినిపించేవాణ్ని. నాలుగు ముక్కలుండేవి. బాగున్నాను, నువ్వు బాగున్నావా, వాన పడిందా, చెరువు ఎంత నిండింది. ఆ తల్లి వాడ నుంచి నడిచొచ్చి నాలుగు ముక్కలు విని పోవడమేమిటని నేను కొంచెం కలిపేవాణ్ని. కల్నల్ దొర భుజం తట్టినట్టు, గుర్రమెక్కించినట్టు. ఆమె నేల మీద కూర్చుని, గడ్డం కింద చేయి పెట్టుకుని అంతా వినేది. విని, ‘‘బిడ్డా, మంచిగ జెప్పినవ్. ఇగ వాడు రాసింది సదువు’’ అనేది.

సంగం రోజులు వచ్చాయి. ఊళ్లల్లో జనం దొరల గడీల మీద తిరగబడ్డారు. రజాకార్లు జీపులేసుకుని తిరిగారు. ఒక మధ్యాహ్నం బెస్తవాడ మీద పడి, సంగపోళ్లకు అన్నం పెట్టారంటూ దొరికినవాళ్లను దొరికినట్టు కొట్టారు. జంగయ్య తమ్ముడి కుడిచేయి మోచేతి దగ్గర విరిగింది. వల విసిరే చేయి. మళ్లీ సరిగా అతకలేదు. రజాకార్లు వేరు, ఫౌజు వేరు అని నాలాంటి వాడికి తెలుసు. చేయి విరిగినవాడికి ఆ తేడాతో పనిలేదు.

ఆ తర్వాత సెలవులో వచ్చినప్పుడు మా సిపాయి బూట్లు తొడగలేదు. మెడలోంచి తీసి సంచిలో పెట్టుకుని వాడలోకి వెళ్లాడు. సంగం మనిషి ఒకడు నా ఇంట్లోనే అతన్ని కలిశాడు. ‘‘అన్నా, ఎందుకు ఆ నౌకరి? తుపాకి తీస్కొని మా దిక్కు రా’’ అన్నాడు.

అతను రెండు రోజులు ఆలోచించాడు. ఏ మాటైనా అతనికి అంత సమయం పడుతుంది కదా. ‘‘నేను తుపాకి తీస్కొని వస్తే, వాళ్లు అమ్మను తీస్కపోతరు’’ అన్నాడు మూడో రోజు పొద్దున. అంతే. కట్టదాకా సాగనంపాను. కట్ట దిగాక వెనక్కి తిరిగి, ‘‘నువ్వన్నా ఈత నేర్సుకో మున్షీ. ఎన్నిసార్లు జెప్పాలె!’’ అని కేకేశాడు. అదే ఆఖరు.

యూనియన్ సైన్యాలు వచ్చినప్పుడు వానాకాలం. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. విమానాలు పోవడం చూశాం, తర్వాత జెండాలు పట్టుకుని తిరగడం చూశాం. మావాడి జాడ మాత్రం లేదు. చలి మొదలయ్యాక ఒక మనిషి నా అరుగు దగ్గరికి వచ్చాడు. మాసిన లుంగీ, తలకు చుట్టిన తువ్వాల. ‘‘మున్షీసాబ్ మీరేనా? ఆయన మీ పేరు శానా జెప్తుండె’’ అన్నాడు. మావాడి కంపెనీలోనివాడు. ఫౌజు రద్దయి ఇంటికి పోతున్న తురక సిపాయి. తురకల మీద పగ తీర్చుకుంటున్న ఆ రోజుల్లో అతను అలా ఊరుగాని ఊరు రావడమే ప్రాణాల మీది పని. బెస్తవాడకు రమ్మంటే రానన్నాడు. ‘‘ఆ తల్లి మొకం జూడలేను సాబ్’’ అన్నాడు. నాకు చెప్పాడు, నీళ్లు తాగాడు, వెళ్లిపోయాడు.

అతను చెప్పింది ఇది. వెనక్కి వస్తున్న వాళ్ల దళానికి ఒక వాగు అడ్డమొచ్చింది. నిండు వరద, వంతెన లేదు, వెనక నుంచి కాల్పులు. ఈత వచ్చినవాళ్లు దాటేశారు. రానివాళ్లు పదిమంది మిగిలారు. మావాడు తుపాకీ ఒడ్డున పెట్టి ఒక్కొక్కణ్ని వీపున వేసుకుని దాటించాడు. తొమ్మిది మందిని. ఆ తొమ్మిదోవాడే నా అరుగు మీద కూర్చుని చెబుతున్నవాడు. పదోవాడి కోసం వెనక్కి ఈదుతుంటే పైనుంచి వరదలో ఒక మాను కొట్టుకొచ్చింది. మళ్లీ తేలలేదు.

నేను ఆ తల్లికి పోయాడని చెప్పాను. వాగులో పోయాడని మాత్రం చెప్పలేదు. చెరువులో పుట్టినట్టు పెరిగినవాడు నీళ్లలో పోయాడంటే వాడలో నవ్వుతారనిపించింది. నిజాం ఫౌజులో పోయాడంటే ఉమ్మేస్తారనిపించింది. అందుకని రెండింటికీ కలిపి ఒకే మందు వేశాను. మావాడు ఆఖరి రోజున రజాకార్ల మీదికే తుపాకీ తిప్పి, ముగ్గుర్ని పడగొట్టి, గుండు తగిలి వీరుడిలా పోయాడని చెప్పాను. హోటల్లో చెప్పాను, మంగలి దగ్గర చెప్పాను. చెప్పినకొద్దీ ముగ్గురు అయిదుగురయ్యారు, ఎండలు ముదిరేసరికి ఏడుగురయ్యారు.

ఆ ఎండాకాలం చెరువు అడుగంటింది. వెట్టి లేకుండా బెస్తవాడ తన చేపలు తాను పట్టుకున్న మొదటి ఎండాకాలం అది. వాడంతా కలిసి వలలు లాగి, చేపలను కట్ట మీద పోగులు పెడతారు. ఇంటికో పోగు. వాళ్లలో ఒక ఆచారముంది. ఎవరైనా పోతే, ఆ తర్వాత మొదటిసారి చెరువు పట్టినప్పుడు ప్రతి ఇంటివాడూ తన పోగులోంచి ఒక చేప తీసి పోయినవాడి పేరున పెట్టాలి. అలా ఇంటికో చేప పడితేనే చెరువు అతన్ని సాగనంపినట్టు. అది పడేదాకా ఆ ఇంటివాళ్లు వల ముట్టరు, చచ్చినవాడికి అన్నం పెట్టరు.

సిపాయి తల్లి వచ్చి, కొంగు నేల మీద పరిచి కూర్చుంది. పోగులు పెట్టారు. ఎవరూ కదల్లేదు. అందరూ జంగయ్య వైపు చూశారు. జంగయ్య తన చేపలను గంపలోకి ఎత్తుకుంటున్నాడు.

‘‘జంగన్నా, వాని పేరున...’’ అన్నాను.

‘‘ఎవని పేరున?’’ అన్నాడు తలెత్తకుండా. ‘‘మా తమ్ముని చెయ్యి ఇరగ్గొట్టిన సర్కారు నౌకరి పేరునా?’’

‘‘వాడు రజాకార్లను గొట్టిండే! గుండు తగిలి...’’

‘‘ఎంతమందిని గొట్టిండు మున్షీ? పోయిన అమాసకు అయిదుగురు. మొన్న మంగలి దగ్గర ఏడుగురు. ఇంక వారం ఆగితే నిజామునే సంపుతడు.’’ కట్టంతా నవ్వారు. ‘‘అసలు పోయిండో, పట్నంల కూసోని బిర్యాని తింటున్నడో నీకే ఎర్కలేదు. చూసినోడు ఎవడు? నీకు జెప్పినోడు ఎవడు? వాన్ని తీస్కరా.’’

ఎక్కడి నుంచి తీసుకురాను? ఆ తల్లి నా వైపు చూసింది. ఉత్తరం చదివేటప్పుడు చూసినట్టే. ‘‘బిడ్డా, నువ్వు జెప్పింది అయిపోయింది. ఇగ అయింది జెప్పు’’ అంది.

చెప్పాను. వాగు, వరద, పదిమంది, మాను. నాకు కథ చెప్పడం వచ్చు, జరిగింది చెప్పడం రాదని ఆ రోజు తెలిసింది. మాట మాటకూ తడబడ్డాను.

‘‘మరి ముందుగాల తుపాకి అన్నవ్?’’ అన్నాడు జంగయ్య.

‘‘నీళ్లల్ల పోయిండంటే మీరు నవ్వుతరని...’’

‘‘ఎందుకు నవ్వుతం? మా తాత నీళ్లల్ల పోయిండు. మా అన్న నీళ్లల్ల పోయిండు. మేం గాకుంటే నీళ్లల్ల ఎవలు పోవాలె, కోమట్లా?’’ అని కసిరాడు. ‘‘గిది గూడ నీ కతనే. దానికంటె మంచిగ అతికినవ్, అంతే.’’

‘‘కత గాదన్నా. ఆ తురకాయన జెప్పిందంతా జెప్పిన.’’

‘‘అంతా?’’

‘‘అంతా. ఒక్క పిచ్చి మాట తప్ప. అది నాకే సమజ్ గాలే, ఇడిచిపెట్టిన.’’

‘‘ఏంది?’’

‘‘నీళ్లల్ల దిగకముందు వాగొడ్డున గులకరాళ్లు ఏరి, కడిగి, పదిమంది నోళ్లల్ల ఒక్కొక్కటి పెట్టిండంట.’’

జంగయ్య చేతిలోని చేప చేతిలోనే ఉంది. నవ్వుతున్నవాళ్లు ఆగారు.

‘‘ఎంత రాయి?’’

‘‘పోకచెక్కంత అన్నడు.’’

‘‘యాడ పెట్టుకొమ్మన్నడు? పండ్ల నడుమనా, నాలుక కిందనా?’’

‘‘నాలుక కింద. రాయి పడనిస్తే వీపుకెల్లి పడేస్తా అని తిట్టిండంట.’’

జంగయ్య కట్ట మీద కూర్చుండిపోయాడు. ఈత రానివాడు నీళ్లలో భయంతో అరుస్తాడు, అరిస్తే నీళ్లు మింగుతాడు, మింగితే మోసేవాణ్ని కూడా ముంచుతాడు. నాలుక కింద రాయి ఉంటే నోరు తెరవడు, ముక్కుతో ఊపిరి తీస్తాడు. ఈ చెరువు బెస్తలు తప్ప మరెవరూ చేయని పని అది. నాకు ఇదంతా తర్వాత చెప్పారు. ఆ రోజు జంగయ్య చెప్పింది ఒక్కటే.

‘‘వానికి ఈత నేర్పింది నేనే. వాని నోట్ల మొదటి రాయి పెట్టింది ఈ చెయ్యే’’ అన్నాడు.

తర్వాత లేచి, గంపలోని చేపలను తిరిగి నేల మీద పోశాడు. వెతికి, అన్నిటికంటే పెద్ద బొమ్మె చేపను తీసి ఆ తల్లి కొంగు మీద పెట్టాడు. వెనుక అతని తమ్ముడు వచ్చాడు. కుడిచేయి వంగదు కదా, ఎడమచేత్తో ఒక చేప పెట్టాడు. ఆ తర్వాత ఒక్కొక్క ఇల్లూ కదిలింది. తడి చేప మీద తడి చేప పడే చప్పుడు మాత్రం వినిపించింది. నేను బెస్తవాణ్ని కాను, నాకు పోగు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాను.

ఆమె ఏడవలేదు. చేపలను సర్దుకుంటూ, ‘‘మున్షీ బిడ్డా’’ అని పిలిచింది. ‘‘ఆ పదో మనిషి ఏమైండు?’’

నాకు అర్థం కాలేదు. ‘‘ఏ పదో మనిషి అమ్మా?’’

‘‘నా కొడుకు తేబోయినోడు. అవతలి ఒడ్డున నిలవడ్డడు గద, నోట్ల రాయి పెట్టుకొని. వాడేమైండు?’’

ఆ తురక సిపాయిని నేను ఆ మాట అడగలేదు. అడగాలని తోచలేదు. చిటికెలో ఆ పదోవాణ్ని దుంగ పట్టించి దాటించగలను. ముసలమ్మ ఎవరో చీర చెరగు విసిరి లాగిందని చెప్పగలను. నోటిదాకా వచ్చింది కూడా.

‘‘తెల్వదమ్మా’’ అన్నాను.

ఆమె తలూపింది. కుప్పలోంచి ఒక చేపను తీసి, నీళ్లు జల్లి, పక్కన విడిగా పెట్టింది.

‘‘ఇది వానిది’’ అంది. ‘‘వానికి ఏ ఊళ్లె ఎవలన్న పెట్టిన్రో లేదో.’’